చిన్నాయిన వేసిన తుప్పు

సుమిత్ర చేతులు మోచేతుల దాకా వెండి రంగయ్యాయి. ముక్కు మీద కూడా ఓ చుక్క పడింది. అయినా ఆ పిల్లకు పట్టింపే లేదు. పిట్టగోడ మీద ఆరబెట్టిన సబ్‌మెరీన్‌ను వంగి ఒకసారి, దూరం జరిగి ఒకసారి చూసుకుంది.

"అబ్బ! ఎంత మంచిగైంది!" అనుకుంది.

అది జానెడు పొడవున్న బొమ్మ సబ్‌మెరీన్. అంటే నీళ్ల అడుగున పోయే పడవ. పైన సైకిల్ పుల్ల వంచి చేసిన దుర్భిణి ఉంది. వెనక నూనె డబ్బా రేకు కత్తిరించి చేసిన పంకా ఉంది. దాన్ని చేసింది సుమిత్ర వాళ్ల చిన్నాయిన, చిన్నరాములు. ఆయన ఫ్యాక్టరీలో మిషన్లకు రంగులు వేసేవాడు.

ఈ ఎండాకాలంలోనే కామెర్లొచ్చి చిన్నాయిన చనిపోయాడు. చిన్నమ్మ శివమ్మ, ఆమె కొడుకు యాదగిరి ఒంటరివాళ్లయ్యారు. అందుకే సుమిత్ర వాళ్లు కర్దనూర్ నుంచి సామానంతా ట్రాలీ ఆటోలో వేసుకుని చిన్నమ్మ వాళ్లుండే చిట్కుల్‌కు వచ్చేశారు. ఇప్పుడు రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో ఉంటున్నాయి.

రేపు దసరా. ఆ ఇంట్లో ఈసారి పండుగ లేదు. కొత్త బట్టలు లేవు, గారెలు లేవు.

"ఆయుధాలకైతే బొట్టు పెడదాం. మనకింత బువ్వ పెట్టేటివి గవే గద," అన్నాడు సుమిత్ర నాయిన పెద్దరాములు.

దసరా ముందు రోజు ఆ ఫ్యాక్టరీల చుట్టుపక్కల ఎట్లా ఉంటుందో మీరు చూడాలి! ఏ షెడ్డు ముందు నిలబడ్డా సబ్బు నురగే, ఏ గేటు దగ్గరికి పోయినా కొత్త పెయింటు వాసనే. ఏడాదంతా మసి కొట్టుకుపోయిన మిషన్లు కూడా ఆ ఒక్క రోజు పెళ్లికొడుకుల్లా తయారవుతాయి. ఇంట్లో కూడా అంతే. అమ్మ కత్తిపీట తోమింది. నాయిన నట్లు బిగించే తన పానలన్నీ కిరసనాయిల్లో కడిగి వరుసగా పరిచాడు.

ఆ వరుస చూసే సుమిత్రకు ఆ ఆలోచన వచ్చింది. 'చిన్నాయిన చేసింది కూడా గిందుల ఉండాలె కదా!'

సబ్‌మెరీన్ యాదగిరి ట్రంకు పెట్టె మీద ఉంది. చూస్తే ఏముంది? అంతా తుప్పు. అక్కడక్కడా నల్లటి మసి, తెల్లటి చారలు. ముట్టుకునే దిక్కులేక పాడైపోయింది పాపం, అనుకుంది సుమిత్ర.

ఇంకో సంగతి కూడా ఉంది. వాళ్ల నాయిన పోయినప్పటి నుంచి యాదగిరి 'ఊఁ', 'ఉహూఁ' తప్ప మాట్లాడడం లేదు. ఏడవడం కూడా లేదు. దీన్ని కొత్తదానిలా చేస్తే ఒక్కసారైనా నవ్వుతాడని ఆ పిల్ల ఆశ. అందుకే చిన్నాయిన రంగుల డబ్బాలోంచి గరుకు కాగితం తీసి గీకింది. థిన్నర్ ముంచిన గుడ్డతో తుడిచింది. పైన వెండి రంగు రెండు పూతలు పూసింది. అంత పనీ ఒక్కతే చేసింది, ఎవరికీ చెప్పకుండా.

బంతిపూల సంచి పట్టుకుని యాదగిరి అప్పుడే ఇస్నాపూర్ నుంచి వచ్చాడు.

"అన్నా, కండ్లు మూసుకో! జెర మూసుకో అన్నా!" ఎగిరింది సుమిత్ర.

యాదగిరి మూసుకోలేదు. వాడి చూపు అప్పటికే పిట్టగోడ మీద పడింది. సంచి కింద పెట్టాడు.

"తుప్పు మొత్తం పోగొట్టిన, చూడు. గీకీ గీకీ వేళ్లు నొస్తున్నయి," అంది సుమిత్ర గర్వంగా.

యాదగిరి సబ్‌మెరీన్‌ను చేతిలోకి తీసుకున్నాడు. పచ్చి రంగు వాడి వేళ్లకంటింది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కడుపు కింద కూడా చూశాడు.

"సుమిత్రా."

"ఊఁ?"

"కట్టెకు తుప్పు పడతదా?"

సుమిత్ర బొమ్మ వైపు చూసింది. గీకుతున్నప్పుడు ఒకచోట లోపలి కట్టె కనబడింది కూడా. పనిలో పడి ఆ పిల్ల ఆలోచించనే లేదు. ఇనుముకు తుప్పు పడుతుంది. కట్టెకెందుకు పడుతుంది?

"మరి... గదంతా ఏంది?"

"మా నాయిన ఏసింది," అన్నాడు యాదగిరి.

సబ్‌మెరీన్‌ను గోడ మీద పెట్టేసి లోపలికి వెళ్లిపోయాడు. కోపం చేసినా బాగుండేది. రెండు దెబ్బలు వేసినా బాగుండేది, అనుకుంది సుమిత్ర.

చిన్నమ్మ గడప దగ్గర కూర్చుని బంతిపూల దండ గుచ్చుతోంది. సుమిత్ర వెళ్లి సబ్‌మెరీన్‌ను ఆమె ముందు పెట్టింది. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిట్టలేదు.

"తెలువక చేసిన చిన్నమ్మా. పాడైందనుకున్న."

"నీకెట్ల తెలుస్తది బిడ్డా, నువ్వప్పుడు కర్దనూర్ల ఉంటివి," అంది చిన్నమ్మ. "మీ చిన్నాయినకు గదొక పిచ్చి. పొద్దంతా ఫ్యాక్టరీల తుప్పు మీద రంగేస్తుండె. ఇంటికొచ్చి రంగుతోని తుప్పేస్తుండె. నేను నవ్వేదాన్ని."

"తుప్పెందుకు ఏసుడు?"

చిన్నమ్మ మంచం కింద నుంచి ఒక ప్లైవుడ్ ముక్క లాగింది. దాని మీద నీలం రంగు గళ్లున్నాయి. అంచులకు ఇసుక అంటించి ఉంది. అది సముద్రమట. తండ్రీకొడుకులిద్దరూ ఎన్నడూ సముద్రం చూడలేదు. పాత క్యాలెండర్‌లో చూసి చేసుకున్నారు.

బల్ల మీద ఆ సముద్రం పరిచి ఇద్దరూ ఆడేవాళ్లు. చిన్నాయిన గవ్వలేసి సబ్‌మెరీన్‌ను ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు నడపాలి. యాదగిరి అగ్గిపెట్టెల ఓడలతో దాన్ని వెంటాడాలి, పైనుంచి చింతగింజల బాంబులు వేయాలి.

"ఆట అయిపోయినంక సన్న బ్రష్షు పట్టుకుని కూసుంటుండె మీ చిన్నాయిన," అంది చిన్నమ్మ. "బాంబు తగిలిననాడు నల్ల మరక పెడుతుండె. గెలిచి ఒడ్డుకొస్తే తెల్ల చార, సముద్రం ఉప్పు ఎండినట్టు. నైట్ షిఫ్టు పడి ఆట ఆగిందనుకో, తుప్పేస్తుండె. ఓడ ఊకె నిలబడితే తుప్పు పడతదంట! ఒక్కో మరక ఒక్కో ఆట, బిడ్డా."

సుమిత్ర చేతుల వైపు చూసుకుంది. మోచేతుల దాకా వెండి రంగు. అన్ని ఆటలనూ తానే తుడిచేసింది. ఏడుపు ఆగలేదు. వెక్కి వెక్కి ఏడ్చింది.

ఏడ్చి ఊరుకోలేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ రంగుల డబ్బా దగ్గరికి పోయింది. ఎర్ర రంగులో నలుపు కలిపి, స్పాంజి ముక్కతో, అప్పటికి ఆరిన సబ్‌మెరీన్ మీద అద్దింది. ఎంత అద్దినా తుప్పులా కనబడదే! టమాటా చారు ఒలికినట్టుంది. అదే పట్టుకుని లోపలికి వెళ్లింది.

యాదగిరి గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"అన్నా, మళ్ల ఏసిన. చూడు."

యాదగిరి లేచి చూశాడు. ఒక మరక మీద వేలు పెట్టాడు.

"గిది ఏ ఆటది?"

సుమిత్ర తల వంచుకుంది.

"ఆట ఆడకుంట మరకెట్ల పెడతరు?" అన్నాడు యాదగిరి. గుడ్డ తీసుకుని ఆ ఎరుపంతా తుడిచేశాడు. వాడి వేలు వెండి రంగు మీద ఏదో వెతికింది. "నల్లది గిక్కడుండె. నేను మొదటిసారి నాయినను కొట్టిననాటిది. తెల్ల చార గీడ... కాదు, గీడ..." వేలు ఆగిపోయింది. "గవి చూస్తుంటే నాయిన ఆడిన ఆటలన్నీ యాదికొస్తుండె సుమిత్రా. ఇగ మర్చిపోతే ఎట్ల?"

అని యాదగిరి ఏడ్చాడు. ఎండాకాలం నుంచి దాచుకున్నదంతా ఒక్కసారే వచ్చినట్టు గట్టిగా ఏడ్చాడు. సుమిత్రకు భయమేసింది. చిన్నమ్మ గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చి ఆగింది.

"ఏడ్వనీ," అంది మెల్లగా. ఆమె కళ్లు కూడా కారుతూనే ఉన్నాయి.

చాలాసేపటికి యాదగిరి ఏడుపు తగ్గింది. సుమిత్ర వాడికి చెంబుతో నీళ్లిచ్చింది.

"అన్నా, నిన్ను అడగకుంటనే చేసిన. తప్పయింది," అంది. "ఆ ఆటలు నాకు చెప్తవా? నేను గూడ యాదుంచుకుంట. నువ్వు మర్చిపోతే నన్నడుగు."

యాదగిరి నీళ్లన్నీ తాగాడు. చెంబు పక్కన పెట్టాడు.

"ఒకనాడు వాన పడ్డది," అని మొదలుపెట్టాడు. "కరెంటు లేదు. కందిలి పెట్టుకుని ఆడినం. నాయిన తొండి చేసిండు..."

సుమిత్ర మోకాళ్లు ముడుచుకుని కూర్చుని వింది. ఒక్క మాటతో కూడా మధ్యలో అడ్డం రాలేదు. ఆ పిల్ల అంతసేపు నోరు మూసుకుని ఉండడం ఇంట్లో అదే మొదటిసారి.

తెల్లారింది. దసరా పొద్దున వాకిట్లో పీట వేసి, దాని మీద కత్తిపీట, కొడవలి, పానలు వరుసగా పెట్టారు. చివర్లో సబ్‌మెరీన్ కూడా ఉంది. ఎవరు పెట్టారో సుమిత్రకు తెలియదు. దగ్గరికి పోయి చూసింది. వెండి రంగంతా అలాగే ఉంది. ముక్కు దగ్గర మాత్రం వేలిగోరంత ఎర్రటి తుప్పు మరక ఉంది. సన్న బ్రష్షుతో వేసింది.

ఆట ఆగితే తుప్పు. ఎండాకాలం నుంచి ఆట ఆగే ఉంది కదా. సుమిత్ర దాన్ని ముట్టుకోలేదు.

"సుమిత్రా! చిన్నాయిన సైకిల్ గూడ కడుగు బిడ్డా. జల్దీ!" అన్నాడు నాయిన.

సైకిల్ నిండా దుమ్ము. సుమిత్ర బకెట్‌తో నీళ్లు తెచ్చింది. సబ్బు తెచ్చింది. కొబ్బరి పీచు తెచ్చింది. ముందు హ్యాండిల్ దగ్గర గుడ్డ పెట్టబోయింది. అక్కడ గట్టిగా ఎండిపోయిన నీలం రంగు మరక ఒకటి కనబడింది. గోటితో గీకితే ఊడిపోయేలా ఉంది.

సుమిత్ర చేయి వెనక్కి తీసుకుంది. గుడ్డ బకెట్‌లో వేసి లోపలికి వెళ్లింది.

"అన్నా, సైకిల్ కడగమన్నడు నాయిన. ఏది కడగాలె, ఏది కడగొద్దు? నువ్వొచ్చి చెప్పు."

యాదగిరి ఆమె వైపు చూశాడు. లేచి బయటికి వచ్చాడు.

"చక్రాలు కడుగు. చైన్ నేను తుడుస్త. సీటు కడుగు. గిది..." నీలం మరక దగ్గర ఆగాడు. అది మరక కాదు, బొటనవేలి ముద్ర. "సముద్రానికి రంగేసిననాడు చేతులు కడగకుంటనే సైకిల్ పట్టుకున్నడు నాయిన. గిది వద్దు."

సుమిత్ర చిటికెన వేలికి తడిగుడ్డ చుట్టుకుంది. ఆ ముద్ర చుట్టూ ఉన్న దుమ్మును మెల్లమెల్లగా తుడిచింది. ముద్రకు నీటి చుక్క కూడా తగలనివ్వలేదు.

సైకిల్‌కు బంతిపూల దండ వేశారు. పెద్దరాములు కుంకుమ గిన్నె పట్టుకుని వచ్చాడు. కత్తిపీటకు బొట్టు పెట్టాడు. కొడవలికి, పానలకు పెట్టాడు. సైకిల్ దగ్గరికి వచ్చి కుంకుమ వేలు హ్యాండిల్ మీదికి, సరిగ్గా ఆ నీలం ముద్ర మీదికే చాపాడు.

"నాయినా, ఆగు!" సుమిత్ర ఆయన చేయి పట్టుకుంది.

"ఏందే?"

"యాడ పెట్టాల్నో అన్నను అడుగు."

పెద్దరాములు కూతురి వైపు చూశాడు. ముద్ర వైపు చూశాడు. తమ్ముడి వేలు ఆయన గుర్తుపట్టాడేమో, చాపిన వేలు వెనక్కి తీసుకున్నాడు.

"యాడ పెట్టమంటవ్ రా, యాదగిరీ?"

యాదగిరి ముందుకొచ్చి వేలు పెట్టి చూపించాడు.

"గీడ పెట్టు, పెద్దనాయినా. దాని పక్కన."

పెద్దరాములు వంగి, నీలం ముద్రకు తగలకుండా పక్కనే బొట్టు పెట్టాడు.