పావడా చేతికి వాచీ

"కొంచెం దూరం జరగండి. కాలుతుంది."

"కాలితే కాలనీండి. మగాడు దగ్గరికి రావాలి, ఆడమనిషి కొవ్వొత్తితో తరమాలి. కుంబియా డాన్సంటేనే అది. ఆ రూలు నేను పెట్టానా?"

ఆ మాట పూర్తయ్యేలోపే, నేవిస్ పైకెత్తి పట్టుకున్న కొవ్వొత్తుల కట్టలోంచి వేడి మైనం జారి ఎదెర్ కొత్త టోపీ మీద పడింది. అక్కణ్ణించి చెవి మీదికి జారింది. అతను కెవ్వుమని ఎగిరాడు. డోలు వాయించేవాళ్ళు వాయిస్తూనే పగలబడి నవ్వారు.

"చెప్పానా లేదా?" అంది నేవిస్.

"చెప్పారు. ఇంత గురి చూసి పోస్తారని మాత్రం చెప్పలేదు!"

అదే వాళ్ళ మొదటి పరిచయం. కార్నివాల్ ఇంకా నెలల దూరంలో ఉంది. అయినా బర్రాంకియాలో వీధికో బృందం అప్పుడే సాధన మొదలుపెట్టేసింది. నేవిస్‌కి జతగా ఆడే కుర్రాడు పని దొరికి వేరే ఊరు వెళ్ళిపోతే, మలుపులో ఉన్న బేకరీలో రొట్టెలు కాల్చే ఎదెర్ ఆ చోటికి వచ్చాడు. వచ్చిన రోజే చెవి కాల్చుకున్నాడు.

మర్నాడు చెవికి మందు రాసుకుని మళ్ళీ వచ్చాడు. నేవిస్ కుడిచేత్తో కొవ్వొత్తులు కదలకుండా పట్టుకుని, ఎడమచేత్తో వెడల్పాటి పావడా అంచు అలలా ఊపుతూ, పాదాలు నేల విడవకుండా జారుతూ ఆడుతోంది. పాట ఆగిన ప్రతిసారీ ఆమె ఎడమ మణికట్టు చూసుకోవడం ఎదెర్ గమనించాడు.

"నాతో ఆడటం అంత విసుగ్గా ఉందా? ఊరికే టైం చూస్తున్నారు."

"టైం కాదు, క్యాలరీలు. ఒళ్ళు ఎంత కరిగిందో ఈ వాచీ లెక్క చెబుతుంది."

"చెబితే?"

"అది చెప్పినదాన్ని బట్టి తింటాను."

ఎదెర్ సంచిలోంచి వెచ్చటి కాగితం పొట్లం తీశాడు. జున్ను పెట్టి కాల్చిన రొట్టెల వాసన గుప్పుమంది. "అయితే దీని సంగతేంటో అడగండి."

నేవిస్ వాచీ వంక గంభీరంగా చూసింది. "రెండు తినొచ్చంటోంది."

"మంచి వాచీ. మా ఓనర్‌కి ఇంత దయ లేదు."

ఆమె నవ్వింది. ఆ నవ్వు కోసం మర్నాడు కూడా పొట్లం వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. వారం తిరిగేసరికి 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది.

డాన్సు డ్రెస్సు కోసం సన్నబడుతోందని అంతా అనుకున్నారు. గిలక్కాయల్లాంటి మరాకాస్ వాయించే తూలియోకి అది నచ్చలేదు. ఆయనది కుర్చీ పట్టని ఒళ్ళు. "ఎందుకే పిల్లా ఈ తిప్పలు? మన వైపు మగాళ్ళు ఎముకల గూడుతో డాన్సు చేస్తారటే?" అని ఎగతాళి చేసేవాడు. నేవిస్ నవ్వి ఊరుకునేది. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు.

నేవిస్ తండ్రి రోసెండో చాలా ఏళ్ళు సిటీ బస్సు నడిపాడు. ఇప్పుడు ఆయన కిడ్నీలు రెండూ పనిచెయ్యడం లేదు. రోజు విడిచి రోజు ఆసుపత్రికి వెళ్ళి, మిషను పక్కన కుర్చీలో పడుకుని, ఒంట్లో రక్తమంతా కడిగించుకుని వస్తాడు. నేవిస్ కిడ్నీ ఆయనకు సరిపోతుందని తేలింది. కానీ డాక్టరమ్మ ఆమె బరువు చూసి తల అడ్డంగా ఊపింది. "ఇంత బరువుతో కోస్తే నీకు ప్రమాదం. తగ్గి రా. మళ్ళీ తూకం చూశాకే మిగతా పరీక్షలు" అని తారీకు ఇచ్చింది.

వాచీ అందుకే కొన్నది. పగలంతా బ్యూటీ పార్లర్‌లో ఆడవాళ్ళ జుట్టు దువ్వి ఆరబెట్టేది, సాయంత్రం పావడా ఊపేది. చీకటి పడేసరికి వాచీలో పెద్ద అంకె మెరిసేది. ఇంత కరిగింది కదా అని గుడ్డు పెట్టి నూనెలో వేయించిన మొక్కజొన్న రొట్టె, అరెపా ఒకటి తినేది. వాచీ ఇంకా మిగులు చూపిస్తే ఇంకొకటి.

ఒక్క పని మాత్రం చేసేది కాదు. వీధి చివర మందుల షాపు ముందు బరువు చూసే మిషన్ ఉంది. అది వచ్చేలోపే రోడ్డు దాటి అవతలి వైపు నడిచేది.

నేవిస్‌కి పదేళ్ళప్పుడు, చిన్న ఆపరేషనే అని చెప్పి వాళ్ళమ్మ నవ్వుతూ ఆసుపత్రికి వెళ్ళింది. ఆకుపచ్చ రంగు జోడు తలుపుల దగ్గర చెయ్యి ఊపి లోపలికి పోయింది. మళ్ళీ ఆ తలుపుల్లోంచి నడిచి రాలేదు. ఎవరి తప్పూ లేదు, ఒక్కోసారి ఇలా అవుతుంది అన్నారు. ఒక్కోసారి అన్న ఆ మాట నేవిస్ కడుపులో అలాగే ఉండిపోయింది. పార్లర్‌లో స్పిరిట్ వాసన తగిలితే చాలు, చేతులు చల్లబడి దువ్వెన జారిపోయేది.

ఒక సాయంత్రం వాన జల్లు పడుతుంటే అందరూ పంచలో కూర్చున్నారు. తూలియోకి సరదా పుట్టింది.

"ఏదీ, నీ మంత్రాల వాచీ ఒకసారి నాకివ్వవే. నేనెంత కరుగుతానో చూద్దాం."

"మీకు బెల్టు పట్టదు తూలియో మామా!"

"పడుతుంది లేవే. నా చెయ్యి ఒక్కటే సన్నం."

వాచీ కట్టుకుని, కుర్చీలోంచి లేవకుండా, ఒక పాట పొడుగునా మరాకాస్ వాయించాడు. పాట అయ్యాక ఎదెర్ వాచీ చూసి గట్టిగా చదివాడు. అదే పాటకి నేవిస్ ఆడితే వచ్చేదానికంటే ఎక్కువ!

పంచ దద్దరిల్లేలా నవ్వారు. "నలభై ఏళ్ళుగా వాయిస్తున్నాను! ఈ లెక్కన ఈపాటికి నేను గాలికి ఎగిరిపోవాలి కదరా!" అని తూలియో పొట్ట తట్టుకున్నాడు.

నేవిస్ కూడా నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగింది. వాచీ లాక్కుని, ఈసారి కొవ్వొత్తి పట్టే కుడిచేతికి కట్టుకుని వానలోకి దిగింది. ఒక పాటంతా ఆడింది. వాచీ చూసుకుంది. అంకె పెద్దగా కదల్లేదు.

ఆమె అరుగు మీద కూలబడింది.

"చెయ్యి ఊగితే లెక్కేస్తోంది" అన్నాడు ఎదెర్. "మనిషి కరిగినందుకు కాదు. పోనీలే నేవిస్, డ్రెస్సు కొంచెం వదులు చేయించుకుంటే..."

"డ్రెస్సు కాదు ఎదెర్." తండ్రి సంగతంతా చెప్పింది. "వచ్చే సోమవారమే తూకం."

ఎదెర్ మొహం పాలిపోయింది. చేతిలో ఉన్న రొట్టెల పొట్లాన్ని పామును చూసినట్టు చూశాడు. "నేనే కదా రోజూ పెట్టాను! పద, మందుల షాపు దగ్గర ఇప్పుడే చూసేద్దాం."

"వద్దు!" అని అరిచింది నేవిస్. అంత అరుపు ఎందుకో అతనికి అర్థం కాలేదు.

ఆ మర్నాటి నుంచి ఆమె తిండి మానేసింది. కాఫీ నీళ్ళతో సరిపెట్టుకుంది. మూడో సాయంత్రం పాట మధ్యలో కళ్ళు తిరిగాయి. చేతిలో కొవ్వొత్తులు జారి పావడా కుచ్చిళ్ళలో పడ్డాయి. అంచు భగ్గుమంది. ఎదెర్ మోకాళ్ళ మీద పడి ఉత్త చేతులతో మంట నలిపేశాడు. అంతా క్షణంలో అయిపోయింది.

"తింటావా, తినవా?" అన్నాడు కోపంగా. కళ్ళలో నీళ్ళు. "ఇలా పస్తులుంటే మీ నాన్నకి కిడ్నీ ఇవ్వడం అటుంచు, ఇవ్వడానికి నువ్వే మిగలవు!"

ఆమె తలొంచుకుంది. అతను తెచ్చిన చారు గిన్నెడూ తాగింది.

సోమవారం పొద్దున్నే ఎదెర్ వచ్చాడు. రోసెండో అప్పటికే మిషను కోసం ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. ఇద్దరూ బయల్దేరి సగం దూరం వెళ్ళారో లేదో ఆకాశం నల్లబడి కుండపోత మొదలైంది. బర్రాంకియాలో వానంటే గొడుగు విప్పితే సరిపోయేది కాదు. చూస్తుండగానే వీధి ఏరయిపోయింది. చెత్త డబ్బాలు కొట్టుకుపోయాయి. వాటి వెనకే ఎవరిదో మోటార్ సైకిలు పల్టీలు కొడుతూ పోయింది. ఇద్దరూ ఒక షట్టర్ ముందు మెట్టెక్కి గోడకు అంటుకుని నిలబడ్డారు. అవతలి ఒడ్డున ఆసుపత్రి కనిపిస్తోంది.

ఎదెర్ ఆమెకు ధైర్యం చెబుదామని ఇటు తిరిగి ఆగిపోయాడు.

"నేవిస్, నీ మొహంలో సంతోషం కనిపిస్తోంది."

"పిచ్చా నీకు?"

"నేను అబద్ధం చెప్పట్లేదు. తూకం తప్పిపోతోందని నీకు హాయిగా ఉంది."

ఆమె నీళ్ళకేసి తిరిగింది. "వాన రావాలని రాత్రి మొక్కుకున్నాను" అంది. "వాచీ తప్పు చెబుతోందని నాకెప్పుడో అనుమానం వచ్చింది ఎదెర్. పావడా హుక్కు పట్టడం లేదు, తెలీదా నాకు? అయినా నమ్మాను. నమ్మినన్నాళ్ళూ తగ్గుతున్నానని అందరికీ చెప్పొచ్చు. నిజంగా తగ్గకపోతే నన్ను కొయ్యరు. నాన్న పోతాడేమోనని భయం. నేను పోతానేమోనని అంతకంటే భయం. ఇలాంటి కూతుర్ని ఎక్కడైనా చూశావా?"

"చూశాను. తడిసి ముద్దయి నా పక్కనే ఉంది."

"జోకులొద్దు."

"ఏం చెప్పాలో తెలీక వేశాను." అతని గొంతు మారింది. "ఇవ్వమని చెప్పడానికి నేనెవర్ని? వద్దనీ చెప్పలేను, అక్కడ మీ నాన్న ఉన్నాడు. నీకేమన్నా అయితే అనుకుంటే మాత్రం నాకూ భయమేస్తోంది."

"నీకెందుకు?"

"ఎందుకా? ఊళ్ళో ఇన్ని బృందాలుంటే, చెవి కాల్చిన పిల్ల దగ్గరికే మర్నాడు ఎందుకొచ్చానంటావు?"

ఆమె కళ్ళు ఒక్కసారి అతని కళ్ళలో నిలిచి, వెంటనే నీళ్ళవైపు పారిపోయాయి. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

వాన కాస్త నెమ్మదించింది. వీధి కుర్రాళ్ళు చక్రాలున్న చెక్కవంతెన తోసుకొచ్చి ఏరుకు అడ్డంగా నిలబెట్టారు. "రండక్కా రండి, చెప్పు కూడా తడవదు!" అని కేకలు. కింద గోధుమరంగు నీళ్ళు హోరుమంటున్నాయి. చెక్క ఊగుతోంది.

"వెనక్కి పోదామన్నా సరే, వస్తాను" అన్నాడు ఎదెర్.

నేవిస్ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తూకం సంగతి తరవాత. ముందు నాన్నతో మాట్లాడాలి."

రోసెండో కుర్చీలో పడుకుని ఉన్నాడు. చేతి నుంచి మిషనుకి పోయే గొట్టాల్లో ఎర్రగా రక్తం తిరుగుతోంది. కూతుర్ని చూసి నవ్వబోయాడు.

"నాన్నా, నాకు భయంగా ఉంది" అంది నేవిస్, ఇంకో మాట లేకుండా.

ఆయన నవ్వు ఆగిపోయింది. మంచి చేత్తో ఆమె తడి జుట్టు నిమిరాడు.

"నువ్వు సన్నబడిపోతావేమోనని నేను రోజూ చచ్చిపోతున్నాను తల్లీ" అన్నాడు. "మీ అమ్మను ఆ తలుపుల దాకా నేనే తీసుకెళ్ళాను. నిన్ను కూడా ఎలా పంపను? వద్దని చెబుదామంటే నాకూ బతకాలనే ఉంది. ఆ సిగ్గుతో నోరు మూసుకున్నాను."

ఇద్దరూ ఏడ్చారు. మిషను తన పని తను చేసుకుపోయింది.

"వెళ్ళు. తూకం ఎక్కినా సరే, ఇంటికి పోయినా సరే" అన్నాడాయన కాసేపయ్యాక. "నిన్నొక్క మాట అనను. ఈ మిషనుతో ఎన్నాళ్ళు గడిస్తే అన్నాళ్ళు. అది సరేగానీ, గుమ్మంలో నీళ్ళోడుతున్న ఆ కుర్రాడెవడు?"

"ఎదెర్ నాన్నా. నాతో ఆడతాడు. బేకరీలో పని."

"ఓహో, ఆ రొట్టెలవాడా! ఇటు రావయ్యా. నా కూతురికి పొట్లాలు మేపింది నువ్వేనా?"

"తప్పయిపోయిందండీ" అన్నాడు ఎదెర్, టోపీ తీసి.

"తప్పే. ఇకమీదట ఖాళీ చేతుల్తో రా. రావడం మాత్రం మానకు."

తూకం గది కారిడార్ చివర ఉంది. ఆకుపచ్చ తలుపుల ముందు నుంచే వెళ్ళాలి. నేవిస్ గోడ పట్టుకుని నడిచింది. చెప్పులు విప్పింది. చల్లటి ఇనపపలక మీద నిలబడి కళ్ళు మూసుకుంది.

"తగ్గలేదమ్మా. కొంచెం పెరిగారు కూడా" అంది నర్సు మెల్లిగా. తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "చూడండి, మీకు ఇష్టం లేకపోతే ఇక్కడితో ఆపేయొచ్చు. కిడ్నీ ఇవ్వడం కుదరదని ఇంట్లోవాళ్ళకి మేమే చెబుతాం. కారణం ఎవరూ అడగరు."

ఇన్నాళ్ళుగా నేవిస్ మొక్కుకున్న మాట అదే. తప్పించుకున్నానన్న హాయి గుండెలోకి వస్తుందని ఎదురుచూసింది. రాలేదు. ఎక్కాల్సిన బస్సు కళ్ళముందే కదిలిపోతుంటే కలిగే కంగారు పుట్టింది. లోపల భయం ఉన్నచోటే ఉంది. దాని పక్కనే నాన్నకి ఇవ్వాలన్న ఆశ కూడా ఉందని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

"ఆపొద్దు" అంది. "తిండి సంగతి చెప్పేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా ఇక్కడ? వాచీలూ అవీ వద్దు. మనిషి కావాలి."

నర్సు నవ్వింది. "కింది అంతస్తులో ఉందామె. అబద్ధమాడితే ఇట్టే పట్టేస్తుంది. రెండు నెలలాగి మళ్ళీ నా దగ్గరికి రండి."

బయట ఎదెర్ పచార్లు చేస్తున్నాడు. ఆమె మొహం చూసి ఆగాడు.

"ఏమైంది?"

"పెరిగాను."

"అయ్యో. మరి?"

"మరేముంది, తగ్గాలి. కింద ఒకామె ఉందట. రెండు నెలలు టైమిచ్చారు."

"భయం పోయిందా?"

"లేదు. నీకు?"

"నాకూ పోలేదు."

"సరే, పద" అని నేవిస్ చెయ్యి చాచింది. ఆ చెయ్యి మంచులా ఉంది. పట్టుకున్న అతని చెయ్యీ అలాగే ఉంది. ఇద్దరూ మెట్లు దిగసాగారు.