చిలకల ఉయ్యాల

అశోక్ గారూ, ఫోన్ చేస్తే మధ్యలో నవ్వేస్తారని వాయిస్ పెడుతున్నానండి. చివరిదాకా వినండి.

మొన్న మా అమ్మాయి లావణ్య కూతుర్ని ఉయ్యాల్లో వేసే వేడుక చేశాం కదా. మొగల్తూరులో పాత మేడ పడగొడుతుంటే ఒక టేకు ఉయ్యాల కొన్నాను. ఎప్పటివో రంగులు... తీగలు, చిలకలు. మంచాలకీ, వీణ బుర్రలకీ నేను దిద్దేవి అలాంటి పాత బొమ్మలే కదండీ, చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఒక పక్క చిలకలు చెరిగిపోయాయి, అంతే.

ఎంత కలిపినా ఆ ఆకుపచ్చ రాలేదండి. సరే అని ఉయ్యాల అడుగున ఉన్న పాత రంగు పెచ్చులే గీరి, నూరి, వజ్రంలో కలిపాను. వజ్రం అంటే తోళ్ళు కాచిన జిగురు, ఎలాగూ కంపే. కానీ ఇది వేరు... ఎండలో మరిచిపోయిన పాలసీసా మూత తీసినట్టు.

రంగు మాత్రం అచ్చం కుదిరింది. సన్న గీత కావాలంటే కుంచె మొన నోట్లో పెట్టి తడుపుకుంటాం. మా ఆవిడ రత్నమాణిక్యం రోజూ తిడుతుంది, "అన్నానికేమో వంకలు, రంగులైతే నాకుతారేంటండీ!" అని.

నాకాను.

పులిసిన పాలు... గోరువెచ్చగా. నాలిక మీద వెంట్రుక. లాగాను. వస్తూనే ఉంది... గొంతులోంచి. కుంచెది కాదండి. పసిపిల్లల జుట్టంత మెత్తన.

కక్కేశాను. తిరిగొచ్చి చూస్తే, ఫ్యాన్ కింద పెట్టినా చిలకలు ఆరలేదు. వేలు పెడితే రంగు మీగడలా ముడతపడి జారింది.

"దీన్లో పిల్లని వెయ్యకండి" అన్నాను.

"ఇప్పుడా నాన్నా చెప్పేది? పేరంటాళ్ళు వచ్చేశారు!" అంది లావణ్య.

"వాసన రావట్లేదా నీకు?"

"మీ వజ్రం వాసన పుట్టినప్పట్నుంచీ పీలుస్తున్నా!"

పాట ఎత్తుకున్నారు. పాపని పడుకోబెట్టారు. అంతదాకా గుక్కపట్టి ఏడుస్తున్న పిల్ల... టక్కున ఆపేసింది. చిలకల వైపు మొహం తిప్పింది. బుగ్గలు కదులుతున్నాయి. చప్... చప్... చప్.

పాప నోటికీ చిలకలున్న చెక్కకీ మధ్య జానెడు ఖాళీ ఉందండి.

పిల్లని లాక్కున్నాను. పేరంటాళ్ళ ముందే ఉయ్యాల పెరట్లో పడేసి తగలబెట్టాను. లావణ్య ఏడుస్తూ నిలబడింది. కాసేపటికి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "నాన్నా... పాలు పొంగిన వాసనేంటి?" అంది.

ఆ రోజు నుంచీ పాప తల్లి పాలు ముట్టట్లేదండి. పోతపాలూ అంతే. పొట్ట మాత్రం గట్టిగా, నిండుగా ఉంటోంది. డాక్టర్ గారు తూకం వేసి, "బ్రహ్మాండంగా పెరుగుతోందండీ, మీకేంటి కంగారు?" అన్నారు.

ఇందాక నా భుజం మీద త్రేన్చింది. చొక్కా మీదికి కాస్త కారింది... చిక్కగా, తీగలు సాగుతూ, అదే పులిసిన కంపుతో.

ఇంకా వెచ్చగానే ఉందండి.