నురగ తువాలు

"ఈ ఒక్క తువాలుకే సబ్బు బిళ్ల అరిగిపోతోంది. ఇంట్లో మనుషుల కంటే ఆ పోతుపందికే దీంతో ఎక్కువ సేవ జరుగుతోంది!" బట్టల బండ దగ్గర సాయిలక్ష్మి పొద్దున్నే మొదలుపెట్టింది.

మొగుడు యలమంద వినిపించుకోలేదు. పళ్లు తోముకుంటూ షెడ్డు వైపే చూస్తున్నాడు. చిలకలూరిపేట హైవేకి అవతల, ఒకప్పుడు మిరపకాయలు ఆరబోసిన కళ్లంలోనే ఆ షెడ్డు వేశాడు. తామర పురుగు తోటని ఊడ్చేశాక, చుట్టాలు నవ్వుతున్నా లెక్కచేయకుండా సీమపందుల్ని తెచ్చాడు. వాటిలో జమీందారు అని పేరు పెట్టుకున్న పోతుపంది అంటే ఆయనకి ప్రాణం. దాని మూతికి పట్టిన నురగని భుజం మీది తువాలుతో తుడిచి, అదే తువాలు ఎదకొచ్చిన ఆడపంది ముక్కు దగ్గర ఆడిస్తే, ఎంత పొగరుబోతు పంది అయినా బొమ్మలా నిలబడేది. ఆ చిట్కా ఆయన సొంతం. చుట్టుపక్కల ఎవరికీ తెలియదని గర్వం కూడా.

చిక్కల్లా ఏమిటంటే, షెడ్డులో ఇప్పుడున్న ఆడపందులన్నీ జమీందారు కూతుళ్లే. వాటికి మళ్లీ దాన్నే కలపడంతో పోయిన ఈతలో పిల్లలు బక్కగా పుట్టి చాలావరకు చచ్చిపోయాయి. అప్పుడే పశువుల డిప్లొమా పూర్తి చేసి వచ్చిన కూతురు తేజశ్రీ, బయటి నుంచి మంచి జాతి వీర్యం తెచ్చి గొట్టంతో ఎక్కిద్దామంది.

"అందులో రెండు పద్ధతులున్నాయి నాన్నా. మామూలు గొట్టం గర్భసంచి మెడ దగ్గరే ఆగిపోతుంది. రెండోదాంట్లో ఆ గొట్టం లోపల్నుంచి ఇంకో సన్న గొట్టం గర్భసంచిలోకే పోతుంది. వీర్యం సగం సరిపోతుంది, పని తొందరగా అవుతుంది. కొన్నిటికి అదీ, కొన్నిటికి ఇదీ వేసి చూద్దాం."

"సరే, నీ చేత్తోనే వెయ్యి. బెడిసికొట్టిందో, నీకొచ్చిన ఆ హైదరాబాద్ మందుల కంపెనీ ఉద్యోగంలో చేరిపోవాలి. షెడ్డు ఊసెత్తకూడదు," అన్నాడు యలమంద.

అది మూడు వారాల కిందటి మాట. ఈ పొద్దున షెడ్డులోకి వెళ్లిన యలమంద కాసేపట్లోనే కేకలు పెడుతూ బయటికొచ్చాడు.

"సన్న గొట్టం వేసినవన్నీ మళ్లీ ఎదకొచ్చాయి! ఒక్కటంటే ఒక్కటి నిలవలేదు!"

రాత్రే నల్లపాడు నుంచి వచ్చిన ఆయన అక్క శివపార్వతి కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. "నేను ముందే అన్నానా? పెళ్లి కావాల్సిన పిల్ల చేత ఇవేం పనులురా యలమందా! సిగ్గుగా లేదూ?"

"పనికి సిగ్గేంటత్తా?" అంది తేజశ్రీ. "నాన్నా, మామూలు గొట్టం వేసినవేవీ ఎదకి రాలేదుగా!"

"అవి నిలిస్తే ఏం లాభం? నువ్వు గొప్పగా చెప్పింది సన్న గొట్టం గురించేగా! నా జమీందార్ని అవతలి మూలకి తోలేయమన్నావు, తోలాను. నోరు మూసుకుని నువ్వు చెప్పిందల్లా చేశాను. ఏమైంది?"

ఆ రోజు సన్న గొట్టం మెడ దగ్గర బిగుసుకుపోయి ముందుకు కదల్లేదు. బలవంతం చేస్తే లోపల గాయమవుతుందని తేజశ్రీ ఆపేసింది. ఆగినచోటే వదిలిన ఆ సగం వీర్యమూ వెనక్కి కారిపోయింది. తన చేతిలోనే పనితనం లేదని అప్పటి నుంచి లోలోపల కుమిలిపోతోంది.

"తప్పు నాదే. వెళ్లిపోతాలే," అని గదిలోకి వెళ్లి బ్యాగు సర్దుకోసాగింది. కన్నీళ్లు బట్టల మీద పడుతున్నాయి.

అది చూసిన సాయిలక్ష్మికి మొగుడి మీద కోపం ముంచుకొచ్చింది. తడి తువాలు పట్టుకుని వచ్చి ఆయన ముందు విసిరేసింది. "పిల్లనంటారేం? ఆ రోజు మీరేం ఊడబొడిచారు? అది చెమటలు కక్కుతూ తంటాలు పడుతుంటే, మీరు ఈ దిక్కుమాలిన తువాలు ఊపుకుంటూ నిలబడ్డారు. నురగ మరక ఈ రోజుకీ వదల్లేదు!"

బ్యాగు సర్దుతున్న చేతులు ఆగిపోయాయి. తేజశ్రీ పరుగున వచ్చి తువాలు అందుకుంది. చిన్నప్పటి నుంచీ రోజూ చూస్తున్నదే కాబట్టి, ఆ రోజు అది ఆమె కంటికి ఆనలేదు.

"నాన్నా! జమీందార్ని ఎందుకు తోలేయమన్నానో తెలుసా? పోతుపంది వాసన తగిలితే ఆడపందికి లోపల మెడ బిగుసుకుంటుంది. సన్న గొట్టం దూరదు. నువ్వు దాన్ని పంపించేసి, దాని వాసన మాత్రం భుజానేసుకుని ఇక్కడే నిలబడ్డావు!"

యలమంద తువాలు వైపు చూశాడు. "అయితే చెడగొట్టింది నేనా అమ్మా?"

"సగమే చెడగొట్టావు. మామూలు గొట్టానికి ఆ వాసనే బలం, వీర్యాన్ని గర్భసంచి తనే లాక్కుంటుంది. అవన్నీ నిలిచాయంటే సగం నీ తువాలు చలవే."

యలమంద కూతురి బ్యాగులోంచి బట్టలు తీసి దండెం మీద వేశాడు. "నా మొండితనానికి నిన్ను వెళ్లగొట్టబోయాను తల్లీ," అంటూ కళ్లు తుడుచుకుని, వీర్యం తేవడానికి బండి తీశాడు.

మధ్యాహ్నం తేజశ్రీ పని మొదలుపెట్టింది. యలమంద స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, షెడ్డు గేటు బయటే ఎండలో నిలబడ్డాడు.

"నీ షెడ్డులోకి నువ్వు పోవడానికేంట్రా?" అంది శివపార్వతి.

"పోకూడదక్కా. నా ఒంటి నుంచి ఇంకా వాసనొస్తుందేమో."

కాసేపటికి లోపల్నుంచి కేక వినిపించింది. "నాన్నా! గొట్టం పోయింది! ఇట్టే పోయింది!" యలమంద గేటు ఊచలు గట్టిగా పట్టుకున్నాడు గానీ, లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు.

ఈసారి వాటిలో ఏదీ తిరిగి ఎదకు రాలేదు. పుట్టిన పిల్లలు బొద్దుగా, చలాకీగా ఉన్నాయి. సంగతి పక్క ఊళ్లకి పాకి, పందులు పెంచే మార్కు అనే రైతు వెతుక్కుంటూ వచ్చాడు. అప్పుడూ యలమంద గేటు బయటే ఉన్నాడు.

"జమీందార్ని పంపుతారేమోనని వచ్చానండి. లేకపోతే గొట్టమే మంచిదంటారా? అందులోనూ ఏ రకం?"

"అది నన్నడిగితే ఎట్లా మార్కూ? అమ్మాయి లోపల పనిలో ఉంది, వచ్చి చెబుతుంది. అందాకా నాతో పాటు ఇక్కడే నిలబడు. లోపలికి మాత్రం పోమాకు."

ఎండకి చెమట కంట్లోకి కారింది. అలవాటుగా యలమంద చెయ్యి భుజం మీదికి పోయింది. అక్కడ తువాలు లేదు. నవ్వుకుని, చొక్కా చేత్తో మొహం తుడుచుకుని, కూతురు బయటికొచ్చే దాకా అక్కడే నిలబడ్డాడు.