ఊరబోరు యజమాని

ఆ ఉదయం నల్లగుండ్లపల్లి ఊరబోరు కుళాయి తిప్పితే నీళ్లకు బదులు మాట వచ్చింది. "ఈ ఆస్తికి యజమాని మారారు. కొత్త యజమాని ఆదేశం ఇచ్చేదాకా నీళ్లు రావు."

ఓబులమ్మ బిందె అక్కడే పడేసి అక్క కూతురికి ఫోన్ చేసింది.

"ఏం కనిపెడితివే కుముదా! ఊర్లో చుక్క నీళ్లు లేవు. గొర్రెలు అరుస్తాండాయి. బిన్నే రా!"

డాక్టర్ కుముదిని వెంటనే బయలుదేరింది. 2079 నాటికి దేశంలో కాగితం పట్టా అన్నదే లేకుండా చేసిన శాస్త్రవేత్త ఆమె. ఇల్లు, పొలం, బోరు, అన్నింటికీ ఇంటర్నెట్‌లో ఒక్కో డొమైన్ పేరు. దాన్ని ఆమె 'నామపట్టా' అంది. పేరు ఎవరిదైతే ఆస్తి వారిది. తాళాలూ మోటార్లూ వారి మాటే వింటాయి. దొంగ సంతకాల పీడ విరగడైంది. ఒకటే షరతు, ఏటా పేరును పునరుద్ధరించాలి. ఉమ్మడి ఆస్తికైతే ఊరివాళ్లలో ఒక్కరు 'ఇది మా అందరిదీ' అంటే చాలు, ఖర్చేమీ లేదు. గడువు దాటితే మాత్రం ముందు అడిగినవాళ్లకే పేరు.

బోరును ఏదో కంపెనీ కాజేసిందని ఊరంతా అక్కడ చేరి శాపనార్థాలు పెడుతోంది. కుముదినికి ఒళ్లు మండిపోయింది. పంపు మీది యంత్రం ముందు నిలబడింది.

"తాగే నీళ్లను కాజేసిన దొంగ ఎవడు?"

"కంపెనీలేవీ అడగలేదు, డాక్టర్," అంది యంత్రం. "గడువు ముగిసిన క్షణంలో ఈ ఊళ్లో ప్రతి ఇంటి నుంచీ అభ్యర్థన వచ్చింది. అందరూ ముందే సిద్ధం చేసుకున్నారు."

కుముదిని జనం వైపు తిరిగింది.

"సిగ్గులేదూ మీకు? ఒక్క మాట అనడానికి నోరు పెగల్లేదు గానీ, కాజేయడానికి కాచుక్కూర్చున్నారా? నువ్వు కూడానా, చిన్నమ్మా?"

"పై ఈదోళ్ల చేతికి పోతే మాకు నీళ్లిడుస్తారా?" ఓబులమ్మ కూడా గొంతు పెంచింది. "నా కాడుంటే బద్రమని పెట్టినా!"

"భద్రమట! దొంగతనానికి ఎంత మంచి పేరు పెట్టావు! సరే, ఇంతమందిలో బోరు దక్కిందెవరికి?"

"మీకే, డాక్టర్," అంది యంత్రం. "మీ ప్రయోగశాల అభ్యర్థన అందరికంటే ముందు చేరింది."

కుముదిని ముఖం ఎర్రబడింది. "అది... ఎందుకైనా మంచిదని ఎప్పుడో పెట్టి ఉంచాను."

"'ఇది మా అందరిదీ' అనండి. బోరు ఊరిదవుతుంది," అంది యంత్రం.

జనం ఆమె నోటివంక చూస్తున్నారు. నిన్నటిదాకా ఒకరి వెనక ఒకరు గోతులు తవ్విన ఆ ముఖాలను చూసేసరికి ఆమెకు మళ్లీ కోపం ముంచుకొచ్చింది.

"ఇప్పుడే కాదు. మీలాంటి వాళ్లను నమ్మి ఎలా ఇవ్వను? కొన్నాళ్లు నా దగ్గరుంటేనే భద్రం."

ఓబులమ్మ ఖాళీ బిందె తెచ్చి ఆమె కాళ్ల దగ్గర ఠక్కున పెట్టింది.

"అట్లయితే నీళ్లియ్యండి, యజమానురాలుగారూ."