పేరు చదవని పుస్తకం

"చెప్పులు బయట! ఏవండీ, మిమ్మల్నే! చెప్పులు బయట!"

కరీమున్ అరుపుకి జాన్ బాషా గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇది లైబ్రరీయా, మసీదా మేడం?"

"కంప్యూటర్ ఉందండీ లోపల. దుమ్ము పడితే ఇంతే సంగతులు," అంటూనే తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. "ఏంటండీ ఆ ఘాటు? మిరపకాయలు గానీ మోసుకొచ్చారా?"

"నా రీసెర్చ్ మిరప మీదేనండీ. చొక్కా ఉతికినా వదలదు. పోనీ, అది కూడా బయటే విప్పమంటారా?"

చదువుకుంటున్న వాళ్ళంతా ఘొల్లున నవ్వారు. కరీమున్‌కి ఒళ్ళు మండిపోయింది. అయినా అతను చెప్పులు విప్పి, బుద్ధిగా ఒకదాని పక్కన ఒకటి పెట్టి లోపలికి రావడం ఓరకంట చూడకపోలేదు.

గుంటూరు మొత్తం వెతికినా కంప్యూటర్లు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజులవి. నల్లపాడు దారిలో ఉన్న ఆ వ్యవసాయ పరిశోధనా లైబ్రరీకి ఒకటి వచ్చిందంటే మాటలా! దానికో ఏసీ గది, పైన వెల్వెట్ ముసుగు, కాపలాకి కరీమున్. అంతకుముందు పుస్తకం ఇవ్వాలంటే కార్డు మీద పేరంతా చేత్తో రాసేవారు. ఇప్పుడు ఆ బాధ లేదు. వెనక అట్ట లోపల అంటించిన నంబరు కొడితే చాలు. పుస్తకాల పేర్లు ఎక్కించే పని ఇంకా మొదలే కాలేదు, నంబర్లతోనే బండి నడుస్తోంది. కన్నబిడ్డ అడుగులేస్తుంటే చూసుకున్నట్టు మురిసిపోయేది కరీమున్.

ఆ రోజు జాన్ బాషా ఒక లావుపాటి పుస్తకం తీసుకెళ్ళాడు. పదిహేను రోజులకి దానికి పేపరు అట్ట వేసి మరీ పట్టుకొచ్చాడు, రెన్యువల్‌కి. మళ్ళీ పదిహేను రోజులకి మళ్ళీ రెన్యువల్. అతను పనిచేసే మిరప పొలాలేమో చీమకుర్తి అవతల. ఒంగోల్లో బస్సు మారి, గ్రానైట్ లారీల దుమ్మంతా మింగుతూ వచ్చేవాడు.

"ఇంకా అవలేదా ఆ పుస్తకం?"

"నాది మట్టిబుర్రండీ. పేజీ తిప్పాలంటే రెండ్రోజులు పడుతుంది."

"అలాగైతే మీ మిరప పండినట్టే!"

ఆమె వెనక అట్ట తెరిచి నంబరు కొట్టేది. అతను ఆమె వేళ్ళ వంక చూసేవాడు. అతని చెప్పులు గుమ్మం దగ్గర కనబడగానే ఆమెకి ముందు తుమ్ము, వెనకే నవ్వు వచ్చేవి.

రోహిణీ కార్తెలో ఒకనాడు వస్తూనే కుర్చీలో కూలబడ్డాడు. ముఖమంతా ఎర్రగా కందిపోయింది. కరీమున్ పరుగెత్తి మజ్జిగ తెచ్చింది.

"ఒక్క రెన్యువల్ కోసం ఇంత ఎండలోనా? బుద్ధుందా మీకు?"

"లేదండీ," అన్నాడతను, మజ్జిగ తాగుతూ.

ఆ మాటకి కరీమున్ మనసు కరిగిపోయింది. తర్వాతి గడువు రాకముందే, కొట్టికొట్టి నోటికొచ్చేసిన ఆ నంబరు తనే కొట్టి, రెన్యువల్ అయిందని మిషన్ ఇచ్చిన చీటీ అతనికి పోస్టు చేసింది. ఆ తర్వాత కూడా అంతే చేసింది. థాంక్స్ చెప్పడానికైనా వస్తాడని ఎదురుచూసింది.

రాలేదు. గుమ్మం దగ్గర ఆ చెప్పులు మళ్ళీ కనబడలేదు. కొన్నాళ్ళకి వేరే ఊరు బదిలీ చేయించుకున్నాడని తెలిసింది.

"నీ మనసులో ఎవరన్నా ఉంటే చెప్పవే. మీ నాన్నని నేను ఒప్పిస్తా," అంది తల్లి రసూల్‌బీ, సంబంధాలు వస్తున్నప్పుడు. రావడమే మానేసినవాడి పేరు ఏ మొహంతో చెబుతుంది? మార్టూరులో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉన్నాయనతో పెళ్ళయింది. మంచివాడే. ఏ లోటూ చేయలేదు, ఉద్యోగం మానమనీ అనలేదు.

ఇన్నేళ్ళ తర్వాత మొన్న సోమవారం, కౌంటర్ దగ్గర కొత్తగా చేరిన శ్రీరమ్యకి పని చూపిస్తూ కరీమున్ ఉన్నట్టుండి తుమ్మింది.

తలెత్తి చూసింది. గుమ్మంలో జుట్టు నెరిసిన మనిషి చెప్పులు విప్పుతున్నాడు.

"విప్పక్కర్లేదండీ సార్," అంది శ్రీరమ్య.

"అలవాటమ్మా," అంటూ జాన్ బాషా పేపరు అట్ట వేసిన పుస్తకం కౌంటర్ మీద పెట్టాడు. "రిటైరవుతున్నానండీ కరీమున్ గారూ. వెళ్ళేలోగా ఇది ఇచ్చేద్దామని."

ఆమె వెనక అట్ట తెరిచి నంబరు కొట్టింది. ఈసారి తెరమీద పేరు కూడా వచ్చింది: ఉప్పునీటి చెరువుల్లో రొయ్యల పెంపకం.

"రొయ్యలా? మీది మిరప కదండీ!"

"ఆ రోజు చేతికందింది అదే. తీసుకుంటే మళ్ళీ రావచ్చు కదా అని," నవ్వాడతను. "మీరు చూస్తారేమోనని అట్ట వేశాను. చూస్తే బాగుండునని కూడా ఉండేది."

"మరి రావడం ఎందుకు మానేశారు?"

"రావడానికి నాకున్నది ఆ ఒక్క వంకే. అది కూడా మీరే తీసేశారు. విషయం పసిగట్టి, మర్యాదగా వద్దంటున్నారనుకున్నా."

"అయ్యో నా రాత! ఎండకి ఎక్కడ పడిపోతారోనని చేశానండీ! మీ మీద ప్రేమతో చేశాను!"

శ్రీరమ్య తల వంచుకుని ఏదో వెతుకుతున్నట్టు డ్రాయర్ తెరిచింది.

"ఆ ముక్క చీటీ మీద రాయాల్సిందండీ," అన్నాడు జాన్ బాషా మెల్లగా.

"మిషన్ చీటీలో దానికి చోటెక్కడుంది?"

"చేత్తో రాయొచ్చుగా."

"మీరు మాత్రం నోటితో అడగొచ్చుగా!"

ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత నవ్వు రాలేదు.

"పిల్లలెంతమంది?" అడిగాడతను.

"ఒక్కతే అమ్మాయి. మీకు?"

"ఇద్దరబ్బాయిలు. వాళ్ళమ్మ బయట ఆటోలో ఉంది. వస్తానండీ."

వస్తానన్నాడు గానీ, ఇక రాడని ఇద్దరికీ తెలుసు. అతను చెప్పులు వేసుకుని గేటు దాటేదాకా కరీమున్ నిలబడే ఉంది. పిలవాలనిపించింది. పిలవలేదు. పాత కార్డు పద్ధతే ఉండుంటే పేరు రాసేటప్పుడైనా చదివేదాన్ని కదా అనుకుంది.

కాసేపటికి శ్రీరమ్య పిలిచింది. "మేడం, చిలకలూరిపేట నుంచి వస్తారే, పత్తి మీద పనిచేసే త్రినాథ్ గారు! ఆయన పుస్తకం గడువు రేపే. పాపం, ప్రతిసారీ రెన్యువల్ కోసం అంత దూరం నుంచి వస్తున్నారు. ఆన్‌లైన్‌లో నేనే చేసేయనా?"

కరీమున్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఆగు. ముందు ఆ పుస్తకం పేరేంటో చదువు."