అందించని అన్నం

టప్!

గురి లేకుండా కాల్చిన తూటాకు, దేచ్ తలకు జానెడు దూరంలో మడ కొమ్మ తునిగిపడుతుంది.

"పడుకో!"

దేచ్ తమ్ముణ్ణి బురదలోకి లాగుతాడు. ఎదుటి పాయలో పడవ మోటారు గురగురమంటుంది... మెల్లగా పక్కకు పోతుంది.

తమ్ముడు కిత్తి బౌద్ధ భిక్షువు. భిక్షకు వెళ్తూ, ఊరిని శాసించే సేటు సియా లెంగ్ మనుషులు ఒక శవాన్ని పాతిపెట్టడం చూశాడు. కోర్టులో చెబుతానన్నాడు. నిన్న పొద్దుటినుంచి తరుముతున్నారు.

ఈ మడ అడవిలో దాక్కున్నామని వాళ్ళకు చెప్పింది మాత్రం... దేచ్!

నిన్న సాయంత్రం. ఒకే ఒక్క ఫోన్.

కిత్తి కాషాయం కట్టిన రోజు అమ్మ వాడి కాళ్ళ మీద పడింది. ఇరవై ఏళ్ళు వల లాగి ఇల్లు నడిపిన దేచ్‌ని ఏనాడూ అలా చూడలేదు. దేచ్ భార్య రంఫా రోజూ తెల్లారుతూనే వాడి పాత్రలో అన్నం పెడుతుంది. అప్పుడు ఆమె ముఖంలో ఒక వెలుగు! మొగుడికి ఎన్నడూ దక్కని వెలుగు. పడవెక్కుతూ చూసి పళ్ళు కొరుక్కునేవాడు.

పైగా ఆరేళ్ళు చిన్నవాణ్ణి 'లువాంగ్ పీ' అని పిలవాలి. అన్నగారూ అని! వాడు మాత్రం తనను 'యోమ్' అంటాడు, భిక్షువు గృహస్థుణ్ణి పిలిచినట్టు.

వేరు మీద దేచ్ తెచ్చిన అరిటాకు పొట్లం ఉంది. జిగురన్నం. భిక్షువు తనంతట తాను తీసుకోడు. ఎవరైనా చేతికి అందించాలి. మధ్యాహ్నం దాటితే అందించినా తినడు.

దేచ్ నిన్నా అందించలేదు. ఇవాళా మధ్యాహ్నం కావస్తోంది.

తుపాకీ ఎందుకు? తన చెయ్యి కదలకపోతే చాలు.

"ఆకలి లేదా, లువాంగ్ పీ?"

"ఉంది, యోమ్ అన్నా. కళ్ళు తిరుగుతున్నాయి."

"మరి తీసుకో. ఇక్కడ చూసేదెవరు?"

"నువ్వున్నావుగా!" కిత్తి నవ్వుతాడు. "నువ్వివ్వనంతవరకు అది నీదే."

ఊపిరి తీసుకుని అంటాడు.

"ఫోన్ చేసింది నువ్వే కదూ?"

దేచ్ గిరుక్కున తిరుగుతాడు.

"తెలిసీ పారిపోలేదేం?"

"కాళ్ళలో సత్తువ లేదు. ఉన్నా... నిన్ను ఆ పాపంతో ఒంటరిగా వదిలి ఎలా పోను?"

మోటారు చప్పుడు మళ్ళీ దగ్గరవుతుంది!

"వదిన అన్నం పెట్టి రోజూ ఏమంటుందో తెలుసా? 'ఈ పుణ్యం మా ఆయనకు చెందాలి, సముద్రం మీద ఉన్నాడు' అని."



ఆ వెలుగు... తన కోసమా?

చొక్కాకు చేతులు తుడుచుకుంటాడు. మోకాళ్ళ మీద కూర్చుంటాడు. పొట్లాన్ని రెండు చేతులతో నుదుటిదాకా ఎత్తి, అందిస్తాడు.

కిత్తి రెండు చేతులా అందుకుంటాడు.

"మొత్తం తిను. కదలకు!"

దేచ్ పరుగెడుతున్నాడు. రొమ్ములోతు నీళ్ళు. గుచ్చుకునే వేర్లు. ఒక పాయ దాటాడు... ఇంకో పాయ...

"ఇటు! ఇక్కడ!"

పడవ దూసుకొస్తుంది. ముందు భాగంలో సియా లెంగ్, తుపాకీతో.

"స్వామి ఏడిరా?"

"తెల్లవారుజామునే పడవ ఎక్కించాను. సముద్రం దాటుతుంటాడు."

"నిన్న ఫోన్‌లో ఇంకోటి కూశావే!"

"నిన్న నాకు కళ్ళు కనబడలేదు, సియా."

ధన్!

నీళ్ళు ఎర్రబడుతున్నాయి.

మోటారు సముద్రం వైపు తిరుగుతుంది.