ఇస్వా దాచిన గాయం

శనివారం ఉదయం టీ నీళ్ళు మరిగేలోపే బోగ్నా వంటింట్లో యుద్ధం మొదలైంది. యుద్ధం ఇస్వా గురించి.

ఇస్వా ఎవరో చుట్టం కాదు, 'ఉప్పు వారధి' అనే ఏడు పుస్తకాల మాయాలోక కథలో వైద్యురాలు. ఆరో పుస్తకంలో ఆమె కడుపులో బాణం దిగుతుంది. ఆ సంగతి కూతురికి చెప్పదు. శాలువా కప్పుకుని, "నువ్వు ముందు నడు, నేను వెనకే వస్తున్నా" అంటుంది. కూతురు పాట పాడుకుంటూ వారధి దాటి వెనక్కి తిరిగేసరికి తల్లి ఉండదు. ఆ పుస్తకం సినిమాగా వచ్చే శుక్రవారం విడుదల. అందులో ఇస్వాను చంపుతారా, బతికిస్తారా అని వార్సా నగరంలోని అభిమానులంతా నెల రోజులుగా జుట్లు పట్టుకుంటున్నారు.

"విన్నావా అమ్మా, చంపట్లేదట!" ఫోన్లోంచి తలెత్తకుండా అంది లిద్కా. పంతొమ్మిదేళ్ళ పిల్ల. అక్కడ స్కూలు చదువు ఆ వయసుకే పూర్తవుతుంది; చివరి పరీక్షలు సోమవారంతో అయిపోతాయి. "మా గ్రూపులో ఒకామె ట్రైలర్ ఆపి ఆపి చూసింది. చివర్లో జనంలో ఆకుపచ్చ శాలువా కనబడిందట."

"లోకంలో శాలువా అదొక్కటేనా?" జున్నులో ముల్లంగి ముక్కలు కలుపుతూ అంది బోగ్నా. "పుస్తకంలో చచ్చిపోయింది. సినిమాలోనూ చావాలి. బతికిస్తే ఇక ఆ కథకి అర్థమేముంది?"

"చచ్చిపోయినందుకు కాదు నా ఏడుపు. చెప్పకుండా చచ్చిపోయిందే, అందుకు! ఆ పిల్ల వెర్రిమొహంలా పాట పాడుకుంటూ పోయింది. తర్వాత దాని బతుకేమవ్వాలి?"

"చెబితే ఆ పిల్ల వారధి దాటేదే కాదు, అక్కడే కూలబడేది. నీకూ పిల్లలు పుట్టాక తెలుస్తుందిలే."

మామూలుగా ఈ వాదన బోగ్నా ఒక ముల్లంగి ముక్క విసరడంతోనూ, ఇద్దరూ పడీ పడీ నవ్వడంతోనూ ముగుస్తుంది. ఈరోజు బోగ్నా లేచి కుళాయి తిప్పి, కడిగిన పళ్ళాన్నే మళ్ళీ కడగసాగింది.

అప్పుడే లిద్కా తండ్రి విటోల్డ్ వచ్చి కూర్చున్నాడు. ఆయన గొంతు ఎరగని ఇల్లు ఆ దేశంలో లేదు. పరాయి భాష సినిమా టీవీలో వస్తే, వెనక అసలు గొంతులు వినబడుతుండగా అన్ని పాత్రల మాటలకీ అనువాదం ఆయనొక్కడే చదవాలి. రాజు గర్జించినా, పసిపిల్ల ఏడ్చినా, ప్రాణం పోయేవాడు ఆఖరి మాట చెప్పినా ఒకే తీరున చదవాలి. గొంతు వణికితే ఆ పనికి పనికిరాడు. మైకు ముందు అంత నున్నగా మాట్లాడే మనిషి ఇంట్లో మాత్రం ఒక్క వాక్యం సరిగ్గా పూర్తి చెయ్యడు. తర్వాత టీవీలో వేసేందుకు ఈ సినిమా కూడా ఆయనే ముందుగా చదివేశాడు, కథ బయట చెప్పనని సంతకం కూడా పెట్టాడు.

"నాన్నా, కన్ను కొట్టు చాలు," అంది లిద్కా. "ఒకసారి కొడితే చచ్చింది, రెండుసార్లు కొడితే బతికింది."

"అదీ... సంతకం పెట్టాను కదే... కళ్ళు కూడా... ఆ కాగితంలోనే..."

లిద్కా నవ్వింది. "పోనీలే. అమ్మ ఆసుపత్రి రిపోర్టులొచ్చాయా?"

"ఇంకా రాలేదు. వచ్చే వారం వస్తాయి. కంగారు పడాల్సిన పని లేదు."

ఎక్కడా తడబడలేదు. మూడు వాక్యాలూ ఒకే తీరున వచ్చాయి. లిద్కా చేతిలో రొట్టె ముక్క ఆగిపోయింది. అది మైకు ముందు గొంతు. తండ్రి ఆమె వైపు చూడకుండా టీలో నిమ్మచెక్క పిండుకున్నాడు.

లిద్కా తన గదిలోకి వెళ్ళి పరీక్ష పుస్తకం తెరిచిందే కానీ ఒక్క అక్షరం ఎక్కలేదు. స్నానాలగదిలోంచి తల్లి గొంతు వినబడుతోంది. "తెల్లవి వేరే, రంగువి వేరే. ఉన్నివి ముప్పై డిగ్రీలు దాటనివ్వకు. మందం దుప్పట్లు మంచం కింది పెట్టెలో ఉన్నాయి, గుర్తుపెట్టుకో." పెళ్ళయి పాతికేళ్ళయినా వాషింగ్ మెషీన్ దరిదాపులకు రాని నాన్నకి ఈ పాఠాలేమిటి? కిటికీ బయట చెస్ట్‌నట్ చెట్లు విరగబూసిన మే నెలలో చలికాలం దుప్పట్ల గొడవేమిటి?

వెళ్ళి అడిగితే తెలిసిపోతుంది. ఆ తెలియడమంటేనే లిద్కాకు భయం. ఫోన్ తీసి గ్రూపులో రాసింది. "ఇస్వా కూతురికి అనుమానం రాలేదంటారా?"

ముఖమెరగని మనిషెవరో వెంటనే జవాబిచ్చారు. "వచ్చే ఉంటుంది. అడగడానికి భయపడి ఉంటుంది."

లిద్కా ఫోన్ బోర్లా పెట్టేసింది.

మధ్యాహ్నం పుల్లకూర సూపులో ఉడికిన గుడ్డు వేసి తెచ్చి, పక్కనే ఒక రైలు టికెట్ పెట్టింది బోగ్నా. "సోమవారం పరీక్ష అవగానే సాయంత్రం బండెక్కి గ్దీనియా వెళ్ళు. ఆగాత పిన్ని ఎదురుచూస్తోంది. వారం రోజులు సముద్రం ఒడ్డున హాయిగా ఉండి రా."

"మరి శుక్రవారం సినిమా? మొదటి ఆట మనిద్దరం కలిసి చూడకుండా ఎప్పుడైనా ఉన్నామా?"

"అక్కడ చూడవే, అదే సినిమా. నాకిక్కడ పనుంది."

"ఏం పని?"

బోగ్నా చెంచాతో గుడ్డును ముక్కలు చేస్తూ ఉండిపోయింది.

"నువ్వు ముందు నడు, నేను వెనకే వస్తున్నా. అంతేనా అమ్మా?"

"లిద్కా, భోజనం చెయ్యి. అమ్మకు ఏమీ కాలేదు," అన్నాడు విటోల్డ్.

"ఆ గొంతు వద్దు నాన్నా!" కుర్చీ వెనక్కి తోసి లేచింది లిద్కా. "ఆ గొంతుతో ఎంతమంది చావులు చదివావో నాకు తెలుసు. ఇంట్లో గొంతుతో చెప్పు!"

విటోల్డ్ భార్య వైపు చూశాడు. బోగ్నా కళ్ళు మూసుకుని తలూపింది. "చదివెయ్యి విటోల్డ్. దానికి తెలిసిపోయింది."

ఆయన చొక్కా జేబులోంచి మడతలు పడిన కాగితం తీసి కళ్ళజోడు పెట్టుకున్నాడు. "రోగి వయసు యాభై ఒకటి. ఎడమ కిడ్నీలో ఆరు సెంటీమీటర్ల గడ్డ. మంగళవారం ఆపరేషన్. కిడ్నీ పూర్తిగా తీసివేయాలి. ఇతర భాగాలకు పాకిందీ లేనిదీ..." అక్కడ గొంతు పూడుకుపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఆగిపోయాడు. కాగితం బల్లమీద పడేసి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"మంగళవారం," అంది లిద్కా. "నేను సముద్రం ఒడ్డున ఉండగా."

"పరీక్ష పాడవుతుందని సోమవారం దాకా ఆగుదామనుకున్నాం. తర్వాతేమో, అంతా అయ్యాకే ఫోన్ చేద్దామని..." అంది బోగ్నా.

"ఆ ఫోన్ నువ్వు చెయ్యలేకపోతే? నాన్న చెయ్యాల్సి వస్తే? జీవితమంతా నేను ఆ వారం ఏం తిన్నాను, ఎందుకు నవ్వాను అని లెక్కపెట్టుకుంటూ బతకనా?" అంది లిద్కా ఏడుస్తూ.

"నీకోసమే దాస్తున్నానని అనుకున్నాను," అంది బోగ్నా. "కాదే. నువ్వు ఇస్వా గురించి నాతో కొట్లాడుతుంటే, ఆ కాసేపూ నాకు ఏ జబ్బూ లేనట్టుండేది. నీకు తెలిస్తే ఆ కాసేపు కూడా పోతుందని..." చెంచా పక్కన పెట్టేసింది. "నాకు చాలా భయంగా ఉంది లిద్కా. మత్తిచ్చాక కళ్ళు తెరుస్తానో లేదోనని భయంగా ఉంది."

రెండు వారాలుగా ఆ మాట భర్తతో కూడా అనలేదు ఆమె. లిద్కా బల్ల చుట్టూ తిరిగి వచ్చి, తల్లి నడుము చుట్టూ చేతులు వేసి, భుజం మీద తల ఆనించింది. 'ఏమీ కాదు' అనబోయి ఆగిపోయింది. ఏమవుతుందో ఆమెకేం తెలుసు?

"నాకూ భయంగానే ఉందమ్మా," అంది. "పరీక్ష రాసే వస్తాను, ఒట్టు. కానీ ఆ టికెట్ చింపెయ్యి."

బోగ్నా చింపలేకపోయింది. విటోల్డే అందుకుని చింపాడు.

"మంగళవారం ఎన్నింటికి బయల్దేరాలి?" అడిగింది లిద్కా.

"ఆరింటికి," అంది బోగ్నా కళ్ళు తుడుచుకుంటూ. "ముగ్గురం."